ఓసీ (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) బ్లాస్టింగ్: రీడింగ్ పరిమితిలో ఉంటే ఇళ్లకు నష్టం లేనట్టేనా?

ఎర్రనేల: సింగరేణి ఓసీల పక్క ఊళ్లలో గోడలు బీటలిస్తున్నాయని అడిగితే, "కంపనం రీడింగ్ 4 వచ్చింది, పరిమితి లోపలే" అనే జవాబు వస్తే దాంతో ఊరుకోవాల్సిందేనా?

బెంచ్‌మార్క్: పరిమితి ఒక్క అంకె కాదన్నా. 1997 డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) సర్క్యులర్ ప్రకారం మామూలు ఇళ్లకు 8 హెర్ట్జ్ (నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) లోపు సెకనుకు 5 మి.మీ., 8-25 మధ్య 10, అది దాటితే 15. ఎలా చూసినా 4 లోపలే. నల్లరేగడిలో లోతు తక్కువ పునాది వేసిన ఇల్లు గని లేని ఊళ్లోనూ పగులుతుంది. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది.

మూడోబావి: ఆ 4 ఎక్కడ, ఏ షాట్‌కు (పేలుడుకు) తీశారు? జియోఫోన్‌ను (కంపనం కొలిచే పరికరం) ఇంటి పునాది పక్కన గట్టి నేలలో బిగించాలి. వదులు మట్టి మీద పెడితే రీడింగ్ నమ్మడానికి లేదు. ఇక పేలుడు మందు సంగతి. మొత్తం ఎన్ని టన్నులు పేల్చారన్నది కాదు, ఒక్కో డిలేకు (మిల్లీసెకన్ల తేడాతో విడివిడిగా పేలే ఒక్కో వంతుకు) ఎన్ని కిలోలన్నదే అసలు లెక్క. దూరాన్ని ఆ కిలోల వర్గమూలంతో భాగిస్తారు. 500 మీటర్లకు 100 కిలోలైతే 50 వస్తుంది. 400 కిలోలు పేలిస్తే 25. అంటే ఊరు 250 మీటర్ల దగ్గరికి జరిగినట్టే! మీటర్ పెట్టిన రోజు చిన్న షాట్, మిగతా రోజులు పెద్దదైతే ఆ 4ను ఏం చేసుకోవాలి?

బెంచ్‌మార్క్: అది ఒప్పుకుంటాను. రీడింగ్ పక్కన డిలే చార్జి (ఒక్కో డిలేకు వాడిన మందు), దూరం, హెర్ట్జ్ లేకపోతే ఆ కాగితం చెల్లదు.

ఎర్రనేల: 500 మీటర్లు దాటితే భయం లేదంటారు కదా?

మూడోబావి: ఆ 500 మీటర్ల డేంజర్ జోన్ ముఖ్యంగా ఎగిరే రాళ్ల కోసం. కంపనం అక్కడ ఆగదు. పైగా దూరం పోయేకొద్దీ హెర్ట్జ్ తగ్గుతుంది, ఒకటి రెండంతస్తుల ఇళ్లు సహజంగా ఊగే వేగానికి దగ్గరపడుతుంది. 8 లోపు పరిమితి 5కు దించింది అందుకే. పాత రకం డిలేలు చెప్పిన మిల్లీసెకనుకు పేలవు, రెండు హోల్స్ (మందు నింపిన రంధ్రాలు) ఒకేసారి పేలితే చార్జి రెట్టింపు. ఊరి వైపు బెంచీలకైనా (గనిలోని మెట్లకైనా) టైం కచ్చితంగా పాటించే ఎలక్ట్రానిక్ డిటోనేటర్లు అడగాలి.

బెంచ్‌మార్క్: కిటికీలు గడగడలాడితే మాత్రం చాలాసార్లు అది గాలి అల. హోల్ పైన స్టెమ్మింగ్ (మందు మీద మూత వేసే పూడిక) తగ్గినా, డిటోనేటింగ్ కార్డ్ (పేలుడు మందు నింపిన తాడు) నేల మీద కప్పకుండా వదిలినా వస్తుంది. తడి హోల్‌ను బురదపొడితో నింపితే ఊడి ఎగిరిపోతుంది, చిన్న కంకర పట్టి నిలుస్తుంది.

ఎర్రనేల: మరి పగులు దేనివల్లో తేల్చేదెలా?

మూడోబావి: పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను ప్లాస్టర్‌తో అతికించి తేదీ రాయండి. రోజూ చూసి, విరిగిన రోజును షాట్ రిజిస్టర్‌తో పోల్చండి.

బెంచ్‌మార్క్: గనికి దూరంగా, అదే రేగడి మీదున్న ఇంకో ఊళ్లోనూ అలాంటి గాజులు పెట్టండి. అక్కడా అదే నెలలో విరిగితే నా మాట నిజం. విరగకపోతే మీ వైపే మాట్లాడతాను.