హాలు ఇవ్వరట: 16వ తేదీ ఆదివారం ఏం చేద్దాం?

రాజోలు బాబు:
అందరికీ నమస్కారమండి. 16న యోకొహామాలో మన తెలుగువాళ్ళ కార్యక్రమానికి బుక్ చేసిన హాలు వాళ్ళ మెయిలు ఇందాకే వచ్చింది. మనకి ఇవ్వరట. వంటగదిలో నూనె మూకుడు పెట్టకూడదు, అరవై మంది దాటకూడదు అంటున్నారు. మన లిస్టు చూస్తే 84. రేపు సాయంత్రంలోగా మానుకుంటే కట్టిన డబ్బులో సగం ఇస్తారు, లేదంటే అదీ పోతుంది. పైన పిన్ చేసిన పనుల జోలికి ఎవరూ వెళ్ళకండి, ముందు ఇది తేలాలి.

అమలాపురం అక్క:
నూనె మూకుడు అంటే నన్నే కదా అనడం. కిందటేడు అలారం ఎవరి బజ్జీలకి మోగిందో అందరికీ తెలుసు. నేనైతే ఈసారి పప్పు నానబోయను.

భీమవరం తమ్ముడు:
మిమ్మల్ని ఎవరన్నారక్కా? ఫారంలో వంట లేదని టిక్కు పెట్టి, ఇప్పుడు గారెల స్టాలు అంటే ఎవడిస్తాడు? నింపినవాళ్ళే వెళ్ళి మాట్లాడాలి.

రాజోలు బాబు:
ఆ జపనీసు చదివి అర్థం చెప్పింది నువ్వే తమ్ముడూ. ఇక నా చేత మాట్లాడించకు.

భీమవరం తమ్ముడు:
సరే అయితే. మైకు సెట్టు నాది, నేను తేను.

యానాం పెదనాన్న:
ఏవిట్రా ఈ గోల! ఇక్కడ పొద్దున్నే ఫోను తీస్తే మీ తగువే. హాలు పోతే పోయింది, పిల్లల నాటిక మాత్రం ఆపకండి. వాళ్ళ బడి కథ రాయడానికి నేను చాలానే చదివాను.

ఆ బడి పెట్టిన మదర్ మతిల్డ్ రాక్లో 1814లో పుట్టిన ఫ్రెంచి సన్యాసిని. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఆవిడ పినాంగులో ఓడ దిగింది. 1854లో సింగపూరులో బడి పెట్టింది. 1872లో, అంటే 58 ఏళ్ళ వయసులో, మీ యోకొహామాకి వచ్చింది. మన వైపు ఆ వయసుకి రిటైరై అరుగు మీద కూర్చునేవాళ్ళం. అప్పటికింకా జపాన్‌లో క్రైస్తవం నిషిద్ధం, ఆ నిషేధం రాసిన పలకలు ఊరూరా నిలబెట్టే ఉన్నాయి. 1873లో గానీ తీయలేదు. అందుకే ప్రచారం మాట అటుంచి అనాథలని సాకడం, విదేశీయుల పిల్లలకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. అదే మన పిల్లలు వెళ్ళే సెయింట్ మార్. ఆసియాలో ఇప్పటికీ నడుస్తున్న అంతర్జాతీయ బడుల్లో అదే పాతదని చెప్తారు. ప్యారిస్‌లో వాళ్ళ మఠం ఉన్న వీధి పేరే బడికి వచ్చింది. జపాన్ అమ్మాయిల కోసం 1900లో ఇంకో బడి పెట్టింది. ఆవిడ 1911లో అక్కడే పోయింది.

యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళని చూసిన ఊరు మాది. కాబట్టి ఆ పేర్లు పలకడం పిల్లలకి నేను ఫోనులో నేర్పిస్తాను.

నరసాపురం పిన్ని:
అన్నయ్యా, సిస్టర్ల వేషాలకి లేసు కాలర్లు అల్లించి పంపేశాను, వారంలో అందుతాయి.

యానాం పెదనాన్న:
సిస్టర్లకి లేసేవిటమ్మా! నల్లగౌను, ముసుగు అంతే. నీ లేసు ఓడ వర్తకుల పిల్లలుగా వేసేవాళ్ళకి పెట్టు, బాగుంటుంది.

పాలకొల్లు వదిన:
బాబాయిగారూ, 1923 భూకంపం సీనే మా పిల్లలకి కష్టంగా ఉంది. సెప్టెంబరు 1, మధ్యాహ్నం వేళ, కొండ మీద బడి నేలమట్టమైందని స్టేజి మీద ఎలా చూపిస్తాం? మా రెండోవాడు బల్ల తోసేస్తానంటున్నాడు.

అసలు స్టేజి ఎందుకు? ఆదివారం బడికి సెలవే. యమాతె కొండ మీద బడి గేటు బయట, రోడ్డు పక్కన నిలబడి చెప్తే ఎవరూ కాదనరు. ఆ తర్వాత కొండ దిగితే యమాషిత పార్కు. భూకంపంలో కూలిన ఇళ్ళ రాళ్ళూ మట్టీ సముద్రంలో పోసి, దాని మీదే 1930లో తెరిచారు ఆ పార్కుని. భూకంపం సీను అక్కడే చెప్పొచ్చు. పార్కులో ఇండియన్ నీళ్ళ ఫౌంటెన్ ఉంది చూశారా? ఆ విపత్తులో ఆదుకున్న ఊరివాళ్ళకి కృతజ్ఞతగా, పోయిన మనవాళ్ళ జ్ఞాపకంగా ఇక్కడి భారతీయ వర్తకులు కట్టించింది. లోపల పైకప్పుకి రంగురాళ్ళ మొజాయిక్. పిల్లలు తల పైకెత్తి చూస్తే చాలు.

భీమవరం తమ్ముడు:
వదినా ఇది బాగుంది. కార్తీకమాసమే కదా, వనభోజనాలు అనేద్దాం. ఉసిరిచెట్టు లేదు, జింకో చెట్లున్నాయి!

రాజోలు బాబు:
ఆయ్, ఇదేదో బాగుందండి. బ్యానరు, మైకు మాత్రం వద్దు. అవి పెడితే సభ అంటారు, పర్మిషను కావాలి. మూడు జట్లుగా విడిపోయి కూర్చుందాం. తమ్ముడూ, మైకు గొడవ తీరింది గానీ నీ గొంతు చాలదా ఏం?

భీమవరం తమ్ముడు:
చాలుతుందన్నా. హాలు వాళ్ళకి నేనే ఫోన్ చేసి సగం డబ్బు రాబడతాను. చాపలు ఆ డబ్బుతో కొందాం.

అమలాపురం అక్క:
పార్కులో పొయ్యి ఎటూ వెలిగించనివ్వరు కాబట్టి పులిహోర, దద్ధోజనం. శనివారం రాత్రి మా ఇంట్లో గారెలు వేసి పెరుగులో పడేస్తాను, పొద్దుటికి ఆవడలు. మా ఇంట్లో అలారం మోగితే నేనే చూసుకుంటాను. పప్పు రుబ్బడానికి ఇద్దరు రండి, బజ్జీల వాళ్ళైనా ఫర్వాలేదు. సముద్రపు గాలి, పైన గద్దలు, అందరూ మూత ఉన్న డబ్బాలే తెచ్చుకోవాలి.

నరసాపురం పిన్ని:
మరి లేసు?

పాలకొల్లు వదిన:
మామూలు బట్టల మీదే కాలర్లు వేస్తాం పిన్నీ, ఫొటోలు పంపుతాను.

ఇంకోటి, పిల్లల బండ్లున్నవాళ్ళు కొండ ఎక్కక్కర్లేదు. మొతొమాచి చూకాగై స్టేషనులో 6వ నంబరు దారిన అమెరికాయమ పార్కులోకి లిఫ్టు ఉంది, తిన్నగా పైకి తేలతారు. 10 గంటలకి ఆ లిఫ్టు దగ్గర కలుద్దాం. వస్తామన్నవాళ్ళు కింద చెప్పండి, డబ్బాల లెక్క అక్కకి ఇవ్వాలి.