మున్సిపాలిటీ ‘వార్షిక ప్రగతి’ పుస్తకం ఇచ్చి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం అడగను?

కుట్టుమిషను:

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక మున్సిపాలిటీ. పేరు రాయను, రాస్తే రేపటి నుంచి మా వీధి మలుపు చెత్తబండికి కనిపించకపోవచ్చు. ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాను. కాలనీ సంఘానికి కార్యదర్శిని కూడా. అదెలాగంటే, పోయిన సంక్రాంతి సమావేశానికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను, అప్పటికే నన్ను ఎన్నుకున్నారు.

నిన్న వార్డు సచివాలయం నుంచి నీళ్లు, దీపాల లాంటి వసతులు చూసే ఎమెనిటీస్ కార్యదర్శి వచ్చి నలభై పేజీల రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. “అక్కా, శనివారం సభలో ప్రజల తరఫున మీరే మాట్లాడాలి” అన్నాడు. మాట్లాడటమంటే పొగడటమేనని అతని మొహమే చెప్పింది. పాపం, మంచి పిల్లవాడు.

పదకొండో పేజీలో ‘నూటికి నూరు శాతం ఇళ్లకు మంచినీటి కుళాయి’ అని ఉంది. అబద్ధం కాదు, మా ఇంటికీ కుళాయి ఉంది. నీళ్లే రోజు విడిచి రోజు వస్తాయి, అదీ ఎన్ని గంటలకో తెలియదు. మాది పైపులైను చివర ఇల్లు. పైవాళ్లు మోటార్లు వేస్తే మా కుళాయి బుస కొడుతుంది. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే నీళ్ల సంగతీ రాస్తుంటాను. పాల ప్యాకెట్లకు నిలువు గీతలు, వాటి కింద పెన్సిలుతో 5.10, 6.40, లేదంటే ‘లేదు’. వానాకాలం గడుల్లో ‘బురద’.

పద్నాలుగో పేజీలో మా పార్కు, అందులో ఉయ్యాల. ప్రారంభోత్సవం నాటి ఫోటో అది, స్తంభానికి పెట్టిన పసుపు ఇంకా ఆరలేదు. రెండో నెలకే గొలుసు తెగింది. ఆ చెక్క ఇప్పుడు ఇస్త్రీ బండి చక్రం కింద అడ్డుగా ఉంది.

వీధి దీపాలు మాత్రం నిజంగా బాగుపడ్డాయి. రాత్రి తొమ్మిదింటికి జాకెట్లు ఇచ్చి రావడానికి ఇప్పుడు భయపడటం లేదు. అదీ చెప్పాలి కదా. తిట్టడానికి వెళ్లినట్టూ ఉండకూడదు, భజనకు వెళ్లినట్టూ ఉండకూడదు. ఏం అడిగితే సరైన జవాబు వస్తుంది?

పాత ఏఈ:

అమ్మా, నేను వేరే ఊళ్లో నీటి సరఫరా విభాగంలో 31 ఏళ్లు చేసి ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, రిటైరయ్యాను. అలాంటి పుస్తకాలకు లెక్కలు నేనూ రాసిచ్చాను. మేము రాసేది వేసిన పైపు, మీరు అడగవలసింది వచ్చిన నీరు. పైపు ఎన్ని మీటర్లు వేశారో ఎం బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఉంటుంది, దాన్ని బట్టే బిల్లు పాసవుతుంది. చివరి ఇంటికి నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో రాసే బుక్కు మా ఆఫీసులో ఏనాడూ లేదు. మీ గోడకు ఉంది. కూర్చుని లెక్కపెట్టండి.

ప్రమాణాలు లేక కాదు. 2008లోనే కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నీరు, మురుగునీరు, చెత్త, వాననీటి కాలువలు, ఈ నాలుగింటికీ కలిపి 28 కొలమానాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటలూ సరఫరా, లీకుల్లాంటి వాటికి పోయి బిల్లు లెక్కలోకి రాని నీరు 20 శాతానికి మించకూడదు. ఈ సేవలకు ఏటా లక్ష్యాలు గెజిట్‌లో ప్రకటించాలని, 2010-15 కాలానికి కేంద్ర నిధుల పంపకం చూసిన 13వ ఆర్థిక సంఘం నిధులకు షరతు కూడా పెట్టింది. కాబట్టి ‘నిరుడు లక్ష్యం ఎంత, అందుకున్నది ఎంత’ అని రెండే అంకెలు అడగండి.

బురద సంగతి ఒకటి చెప్పాలి. నీళ్లు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు పక్క కాలువలో మురుగు వదులైన జాయింట్ల గుండా లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందు వచ్చేది అదే. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే ఆ బాధ తక్కువ. 2021లో పూరీ పట్టణంలో కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చని ప్రకటించారంటే, రోజంతా సరఫరా ఉండబట్టే.

క్లోరిన్ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో కూడా అడగండి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కల మందు వేస్తే పసుపు తేలాలి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా ఉండాలి. మేము ఎక్కువగా ట్యాంకు కిందే పరీక్షించేవాళ్లం, నడక తక్కువని. అక్కడ నిమ్మపండు రంగు వచ్చేది. మీలాంటి చివరి ఇంట్లో ఏ రంగు వచ్చేదో మేము చూడలేదు.

సాగరతీరం:

దీపాల గురించి మీరు చెబుతానన్నది మంచి మాట. మా విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి స్తంభాలను పడుకోబెట్టింది. ఆ తర్వాత ఊరంతా కలిపి 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. ఇలాంటి పని ప్రగతి అని ఒప్పుకోవడానికి ఉపన్యాసం అక్కర్లేదు, కరెంటు బిల్లు చాలు. మీ ఊళ్లోనూ దీపాలు మార్చక ముందు బిల్లు, మార్చాక బిల్లు చదవమనండి. బాగా చేసినవాళ్లకు అది చదవడం సరదాగానే ఉంటుంది.

ఇంకో సంగతి. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ బాండ్లు అమ్మి 200 కోట్లు, విశాఖ 80 కోట్లు తెచ్చుకున్నాయి. అప్పిచ్చేవాళ్లు రంగుల ఫోటోలు చూడరు, పన్ను ఎంత వేశారు, ఎంత వసూలైంది అని చూస్తారు. మీ పుస్తకంలో ఆ పేజీ ఉందా?

ఎందుకొచ్చిన గొడవ:

ఇవన్నీ అడిగేసరికి మైకు ఆగిపోతుంది. నేను చూశాను.

పాత ఏఈ:

ఆగితే గొంతు ఉంది కదా. బట్టల షాపు బేరాల్లో మైకు పెట్టి మాట్లాడుతున్నారా?

గ్రంథాలయం మెట్లు:

నాదొక చిన్న కోరిక. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని అడగండి. మా శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పిల్లలు ఒక్క ఫ్యాను కింద పద్దెనిమిది మంది కూర్చుంటున్నారు. పత్రికలు చదివే పెద్దవాళ్లు వాళ్లకు చోటిచ్చి అరుగు మీదకు వచ్చేశారు.

కుట్టుమిషను:

వెళ్లి వచ్చాను. ముందు రోజు రాత్రి కుట్టు పక్కనపెట్టి పన్నెండు పేజీలూ లెక్కపెట్టాను. రోజు విడిచి రోజు అంటే ఏడాదికి 182 సార్లు రావాలి. 151 సార్లు వచ్చాయి, అందులో పన్నెండు బురద.

మొదట దీపాల గురించి చెప్పాను, చప్పట్లు కొట్టారు. కరెంటు బిల్లు అడిగితే వెంటనే చదివారు, నిజంగానే సంబరంగా చదివారు. తర్వాత క్యాలెండరు తీశాను. మైకు ఆగలేదు. ఇంజనీరు గారు వాదించలేదు కూడా. దగ్గరికి వచ్చి మార్చి పేజీ తిప్పి, వరుసగా ఉన్న ‘లేదు’లు చూసి, “ఇది మోటారు కాలినప్పటిది” అని తనలో తాను అనుకున్నారు. మోటారు కాలిన సంగతి నలభై పేజీల్లో ఎక్కడా లేదు. ఉయ్యాల మాట ఎత్తేలోపే నా ఐదు నిమిషాలూ అయిపోయాయి.

సోమవారం పొద్దున ఇద్దరు గాజు గొట్టం పట్టుకుని మా ఇంటికే వచ్చారు. నీళ్లు వదలగానే పట్టిన గొట్టంలో ఏ రంగూ రాలేదు. ఐదు నిమిషాలు పోయాక పట్టినదానిలో పలచగా పసుపు, గంజిలో పసుపు చిటికెడు వేసినట్టు. రెండోదే రాసుకోబోయారు. రెండూ రాయమన్నాను. రాశారు, నేనూ నా గడిలో రాసుకున్నాను.

గ్రంథాలయం లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. మున్సిపాలిటీకి పెట్టాలా, గ్రంథాలయ సంస్థకా?

గ్రంథాలయం మెట్లు:

రెండు చోట్లా పెట్టండి. ఒక్కోదానికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు, జవాబుకు 30 రోజుల గడువు. వీళ్లు ఇచ్చామన్నదీ వాళ్లు అందిందన్నదీ ఒకే అంకె అవుతుందేమో చూద్దాం.