అల్జీమర్స్ ఉన్న అత్తయ్యకి సాయంత్రం పూట ఏ పని ఇవ్వాలి?

మా అత్తయ్యకి 74 ఏళ్లు, అల్జీమర్స్. రోజూ సాయంత్రం 5 దాటగానే కంగారు మొదలవుతుంది (డాక్టరు గారు సన్‌డౌనింగ్ అన్నారు), "పిల్లలు ఆకలితో వస్తారు" అంటూ వెళ్లి స్టవ్ వెలిగించేస్తారు, మొన్న కొంగు అంటుకోబోయింది. మా పేర్లు మర్చిపోయారు గానీ నలుగురికీ కడుపు నిండా పెట్టాలన్న ఆ ప్రేమ మాత్రం ఎక్కడికీ పోలేదు. రెగ్యులేటర్ కట్టేస్తే ఏడుస్తున్నారు, టీవీలో భజనలు పెడితే కూర్చోరు, ఇప్పుడే తిన్నాం అంటే నమ్మరు. చిక్కుడుకాయలు ఇస్తే కుదురుగా ఈనెలు తీస్తారు, చేతులు వాటంతట అవే ఆడతాయి, కానీ పావుగంటలో అయిపోయి మళ్లీ స్టవ్ దగ్గరికే. కత్తీ నిప్పూ లేకుండా, ఆవిడ మనసు నొచ్చుకోకుండా, 7 గంటల దాకా చేయించగలిగే వంటింటి పనులు ఏమున్నాయి?