మ్యూజియానికి పంపే కాలి సంకెళ్లకు అనుమతి ఎవరు తీసుకోవాలి?

విశాఖపట్నం పోర్టు నుంచి జర్మనీలోని ఒక మ్యూజియానికి, ఇనుప కడ్డీతో కలిపిన కాలి సంకెళ్ల నమూనాలు 2 జతలు పంపాలి. కొత్తగా చేయించినవే, పురావస్తువులు కావు. అయినా యూరోపియన్ యూనియన్ 2019/125 నిబంధన రెండో అనుబంధం ఇలాంటి సంకెళ్ల దిగుమతిని నిషేధించింది. చరిత్రను చూపే మ్యూజియం ప్రదర్శనకు మాత్రమే అయితే, ఆ దేశపు అధికారులు అనుమతి ఇవ్వవచ్చు. మనుషులను హింసించే సరుకుపై ఆ నిషేధం ఉండవలసిందే. పద్ధతి ప్రకారమే పంపాలన్నది నా పట్టుదల.

ఇద్దరు కస్టమ్స్ బ్రోకర్లను అడిగాను. మామూలు చేతి బేడీలకు అక్కర్లేదు కాబట్టి వీటికీ అక్కర్లేదన్నారు ఒకరు. అది పొరపాటు. సరుకు ఎక్కించాక చూద్దామన్నారు మరొకరు. మ్యూజియానికి రెండు ఈమెయిళ్లు రాశాను, 12 రోజులుగా జవాబు లేదు.

ఆ అనుమతికి దరఖాస్తు చేయవలసింది మ్యూజియమా, ఎగుమతిదారుగా నేనా?