కెప్టెన్ నెమో మనవాడే, కానీ హీరోనా?

శారద_టీచర్:
సైన్స్ ఫిక్షన్‌లో మరిచిపోలేని హీరో ఎవరని అడిగితే ఇక్కడ అందరూ ‘డ్యూన్’లో పాల్ అట్రైడిస్, ‘ఫౌండేషన్’లో హారీ సెల్డన్ అంటున్నారు. నా ఓటు కెప్టెన్ నెమోకి. జూల్ వెర్న్ 1869-70లో అచ్చు వేయించిన ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ అనే సముద్రగర్భ నవలలో ఆయన ఊరూ పేరూ తెలియవు. 1875లో పూర్తయిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో, చనిపోయే ముందు చెబుతాడు: తను బుందేల్‌ఖండ్ రాజు కొడుకు ప్రిన్స్ డక్కార్‌నని, 1857 తిరుగుబాటులో పోరాడి ఇల్లూ దేశమూ పోగొట్టుకున్నానని. ఎడిసన్ బల్బు కూడా రాని రోజుల్లో కరెంటుతో నడిచే 70 మీటర్ల సబ్‌మెరైన్ నాటిలస్, అందులో 12,000 పుస్తకాలు! అవన్నీ ఊహించిన ఫ్రెంచి రచయిత దానికి యజమానిగా మనవాణ్ణి పెట్టాడు. ఇరవై ఏడేళ్లు ఫిజిక్స్ చెప్పాను. సబ్‌మెరైన్ పాఠం వచ్చిన ప్రతిసారీ ఈ కథ చెప్పేదాన్ని, చెప్పినప్పుడల్లా గొంతు పట్టేసేది.

బెజవాడ_కుర్రాడు:
నెమో ఇండియన్ అని ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు చదివిన బొమ్మల పుస్తకంలో ఈ ముక్క లేదు.

చరిత్ర_అభిమాని:
డక్కార్‌ని టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడి వరస చేశాడు వెర్న్. టిప్పు చనిపోయింది 1799లో, శ్రీరంగపట్నంలో. బుందేల్‌ఖండ్ ఎక్కడ, శ్రీరంగపట్నం ఎక్కడ? పైగా డక్కార్ అనే పేరు మన దేశంలో ఎవరికైనా ఉందా? అసలు వెర్న్ మొదట అనుకున్నది పోలండ్ మనిషిని. 1863లో రష్యా మీద తిరగబడి కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు. రష్యాతో గొడవ వస్తుందని, అక్కడ పుస్తకాలు అమ్ముడుపోవని పబ్లిషర్ హెట్జెల్ ఒప్పుకోలేదు. అందుకే మొదటి నవలలో దేశం లేకుండా వదిలేశాడు. మనవాడు అనేది తర్వాత అతికించిన లేబుల్.

శారద_టీచర్:
అతికించాడనే అనుకుందాం. పోలండ్ కుదరకపోతే ప్రపంచంలో ఇంకే దేశమూ దొరక్క ఇండియాని ఎంచుకున్నాడా? 1857 జరిగి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. అప్పుడే మన తిరుగుబాటుదారుణ్ణి గౌరవంగా చూపించాడు. ఆ కాలపు ఇంగ్లీషు అనువాదంలో బ్రిటిష్ వాళ్లకి గుచ్చుకునే మాటలు మార్చేశారు, తీసేశారు. అంటే ఆ లేబుల్ ఎవరికి భయం పుట్టించిందో చూడండి.

మానేటి_ఒడ్డు:
టీచర్ గారూ, నమస్తే. మాది జగిత్యాల దగ్గర. నేను రెండు నవలలూ చదివిన. టిప్పు సంగతీ పోలండ్ సంగతీ నాకు అక్కర్లేదు. నా ప్రశ్న ఒక్కటే. నాటిలస్‌లో చిక్కిన ముగ్గురి గురించి మీరు ఒక్క మాట అనలేదేం? ప్రొఫెసర్ ఆరొనాక్స్, ఆయన నౌకరు కాన్సెయ్, హార్పూన్ (తిమింగలాల వేట ఈటె) విసిరే నెడ్ లాండ్. లోపలికి వచ్చినవాడు ఇక బయటికి పోకూడదు అంటడు నెమో. ఇది బానిసత్వం కదా అని ప్రొఫెసర్ మొహం మీదే అడిగితే, నీ ఇష్టం వచ్చిన పేరు పెట్టుకో అంటడు. మంచి తిండి, మంచి పుస్తకాలు, ఆర్గాన్ సంగీతం. తలుపు మాత్రం తెరవడు. దాదాపు ఏడు నెలలు. నా హీరో నెడ్ లాండ్. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా పారిపోవాలనే చూసినవాడు అతనొక్కడే.

శారద_టీచర్:
నెమో వాళ్లని పిలిచి పట్టుకోలేదు. వేటాడటానికి వచ్చిన యుద్ధనౌక మీద నుంచి సముద్రంలో పడ్డారు. వదిలేస్తే చనిపోయేవాళ్లు. పైగా సిలోన్ దగ్గర ముత్యాల కోసం మునిగిన పేదవాడి మీదికి షార్క్ వస్తే, కత్తి పట్టుకుని ఎదురు వెళ్లింది ఎవరు? ఒడ్డుకి తెచ్చి చేతిలో ముత్యాల సంచి పెట్టింది ఎవరు? అణగారిన వాళ్ల దేశమే నా దేశం అంటాడు అక్కడ. ఆ మాట రాసిన చేతికి నేను దణ్ణం పెడతాను.

మానేటి_ఒడ్డు:
షార్క్‌ని చంపింది ఎవరు? ఆ పేజీ మళ్లీ చూడండి. నెమో కింద పడిపోయిండు, ఇంకాస్తయితే ప్రాణం పోయేది. హార్పూన్ విసిరి కాపాడింది నెడ్ లాండ్. నెమో థాంక్స్ చెప్పిండు. వదిలిపెట్టలేదు. ప్రాణం కాపాడిన మనిషిని కూడా వదలలేదు టీచర్ గారూ.

సాగరతీరం:
ఈ పాయింట్ గట్టిగా ఉంది.

చరిత్ర_అభిమాని:
ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. ఇంకోటి కూడా ఉంది. మొదటి నవల కథ జరిగేది 1866-68లో. రెండో నవలలో 1869 కన్నా ముందే చనిపోతున్న ముసలి నెమో, ప్రొఫెసర్ సంగతి పదహారేళ్ల కిందటిది అంటాడు. తేదీలే కలవనప్పుడు డక్కార్ కథని ఎలా నమ్మడం?

శారద_టీచర్:
తేదీలు పక్కన పెట్టండి, దయచేసి. మానేటి ఒడ్డు గారూ, మీకు ఒక్క నెడ్ లాండ్ కనిపిస్తున్నాడు. భార్యా ఇద్దరు పిల్లల పటం ముందు మోకాళ్ల మీద కూలబడి ఏడ్చిన నెమో కనిపించడా? అన్నీ పోగొట్టుకున్నవాడి బాధ మీకేం తెలుస్తుంది? హాయిగా కూర్చుని తప్పులు పట్టడం తేలిక.

మానేటి_ఒడ్డు:
హాయిగానా? చెప్తా వినండి. గల్ఫ్‌లో ఒక లేబర్ సప్లై కంపెనీలో పద్నాలుగు నెలలు చేసిన. పాస్‌పోర్టు దిగిన రోజే తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసిన్రు. మా నాయన పోయిండని ఫోన్ వస్తే అడిగిన, ఇవ్వలేదు. ఆఖరికి ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనోళ్లకి ఇంటికి పోనీకి ఇచ్చే కాగితం) మీద వచ్చిన. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉండేదో తెలుసా? అరబ్బు దగ్గర కాదు. మన తెలుగాయన దగ్గర. మనవాడే కదా అని నమ్మి పోయిన. ఆయన కూడా చాలా కష్టాలు పడి పైకొచ్చినవాడే. దసరాకి అందరికీ బట్టలు పెట్టేవాడు. తన కష్టాలు చెప్తూ ఏడ్చేవాడు కూడా. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ తాళం ఇవ్వలేదు.

మీరు మనవాడు, మనవాడు అని రాసినప్పుడల్లా నాకు ఆ బీరువానే కనిపిస్తది.

సాగరతీరం:
అన్నా, మీ నాన్నగారి విషయం చదివి మనసంతా బరువెక్కింది.

శారద_టీచర్:
తమ్ముడూ, నేను అన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

నా సంగతి కూడా చెబుతాను. ఇన్నేళ్లలో సైన్స్ కథల్లో మన పేరు ఉన్న పెద్ద పాత్ర ఏదని ఏ పిల్ల అడిగినా నాకు దొరికింది ఈ ఒక్కడే. అందుకే ఆయన మీద గీత పడనివ్వలేదు. మొదటి నవల చివర ఆయన ఒక పెద్ద యుద్ధనౌకని ముంచినప్పుడు మనుషులు నీళ్లలో చీమల్లా కొట్టుకుంటుంటే ఆయన అద్దం వెనక నిలబడి చూస్తాడు. ఆ అధ్యాయం నేను క్లాసులో ఎప్పుడూ చదవలేదు.

అయినా ‘మిస్టీరియస్ ఐలాండ్’లో సైరస్ స్మిత్ ఇచ్చిన తీర్పుతో మాత్రం నేను ఒప్పుకోను. చావు మంచం మీద ఉన్న నెమోతో ఆ అమెరికా ఇంజనీరు, గతాన్ని తిరిగి బతికించాలనుకోవడం, అవసరమైన ప్రగతితో పోరాడటం నీ తప్పు అంటాడు. 1857లో పోరాడటం ఆయన తప్పు కాదు.

మానేటి_ఒడ్డు:
అది నేనూ ఒప్పుకుంట అక్కా. పోరాడటం తప్పు కాదు. స్మిత్ ఆ ముగ్గురి గురించి అడగాల్సింది, బ్రిటిష్ వాళ్ల గురించి కాదు.

చరిత్ర_అభిమాని:
టిప్పు మేనల్లుడి సంగతి?

శారద_టీచర్:
రేపు రాస్తానండీ. ముందు ఆ షార్క్ అధ్యాయం మళ్లీ చదవాలి.