తత్వశాస్త్రం చదివితే వివేకం వస్తుందా?

సందేహి:
నీతిశాస్త్రం చెప్పే ప్రొఫెసర్లు మిగతా ప్రొఫెసర్లకంటే మంచిగా నడుచుకుంటారా అని ఎరిక్ ష్విట్జ్‌గెబెల్, జాషువా రస్ట్ అనే ఇద్దరు తత్వశాస్త్ర ఆచార్యులు సర్వే చేసి 2014లో ప్రచురించారు. మాంసం తినడం తప్పు అన్నవాళ్లు నీతిశాస్త్రం వాళ్లలోనే ఎక్కువ, తినడం మాత్రం దాదాపు అందరిలాగే తింటున్నారు. మంచిచెడ్డలే వృత్తిగా పెట్టుకున్నవాళ్లకే ఒంటబట్టకపోతే మనకేం ఒరుగుతుంది? వివేకం అనుభవంతో వస్తుంది, అంతే.

ఓపిక:
సందేహి గారూ, అనుభవం కావాలని ఎవరు కాదన్నారు? కుర్రవాళ్లు లెక్కల్లో దిట్టలు కావచ్చు గానీ ఏ సమయంలో ఏం చేయాలన్న తెలివి వాళ్లకు రాదు, దానికి అనుభవం కావాలి అని అరిస్టాటిలే చెప్పాడు. కానీ ఒకే పొరపాటు ఏళ్ల తరబడి చేస్తూ, ఎదుటివాళ్లదే తప్పని నమ్మేవాళ్లను మీరూ చూసే ఉంటారు. అనుభవానికి వాళ్లలో లోటు లేదు, తమను తాము ప్రశ్నించుకోవడమే లేదు.

బాటసారి:
జేమ్స్ స్టాక్‌డేల్ సంగతి చూడండి. అమెరికా పైలట్, 1965లో వియత్నాంలో విమానం కూలి పట్టుబడి ఏడేళ్లకు పైగా ఖైదులో చిత్రహింసలు పడ్డాడు. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది వేరుచేసి చూసుకోవాలి అని ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ చెప్పిన మాటే తనను నిలబెట్టిందని తర్వాత ఆయనే రాశాడు.

సందేహి:
గొప్పవాడే, కాదనను. కానీ ఎపిక్టెటస్ పేరు కూడా వినని ఖైదీలు కూడా అదే జైళ్లలో నిలబడ్డారు కదండీ. ఒక్క మనిషి కథతో ఏం తేలుతుంది?

ఓపిక:
అయితే కథలు వదిలేద్దాం. ఆ ష్విట్జ్‌గెబెల్ గారే మరో ఇద్దరితో కలిసి 2020లో ఇంకో అధ్యయనం ప్రచురించారు, అది కూడా చూడండి. వెయ్యి మందికి పైగా విద్యార్థులను రెండుగా విడదీసి, సగం మందికి మాంసాహారం తప్పా కాదా అన్న వ్యాసం, మిగతావాళ్లకు దానధర్మాల మీద వ్యాసం ఇచ్చి, చిన్న గుంపుల్లో చర్చ పెట్టారు. తర్వాత వాళ్లు క్యాంపస్‌లో కొన్న భోజనాల రికార్డులు చూస్తే, మొదటి గుంపులో మాంసం ఉన్న భోజనాలు 52 నుంచి 45 శాతానికి తగ్గాయి, రెండో గుంపులో మార్పే లేదు. పెద్ద తేడా అననుగానీ, ఒక్క వ్యాసానికి, ఒక్క చర్చకు అంత కదిలిందంటే నాకు చాలా విలువైన విషయమే. ప్రొఫెసర్ల విషయంలో మీరన్నది నిజమే, ఎవరూ ఎదురు ప్రశ్న వేయకుండా పాఠం చెప్పుకుంటూ పోతే ఏ తత్వమూ మనిషిని మార్చదు. రేపు మనం చేయబోయే పని గురించి, మనతో ఏకీభవించని మనిషి ఎదురుగా కూర్చుని వాదించుకున్నప్పుడే అది పనిచేస్తుందని నా నమ్మకం.

సందేహి:
ఈ రెండోది నేను చూడలేదు. ఆ తగ్గుదల ఎన్నాళ్లు నిలిచిందో చదివి మళ్లీ వస్తాను, అప్పుడు వాదిద్దాం.