పై పోర్షన్ నుంచి రాత్రిళ్లు కెమికల్ వాసన. అనుమానించాలా, ఊరుకోవాలా?

వంటింటి కిటికీ:

నమస్కారమండీ. మాది నిజాంపేట దాటాక బాచుపల్లి వైపు, జీ ప్లస్ వన్ ఇల్లు. కింద నేను, మా అత్తమ్మ, యూకేజీ చదివే మనవడు ఉంటాం. మావారు పోయాక పై పోర్షన్ కిరాయే మాకు ఆధారం. ఫిబ్రవరిలో ముగ్గురు మగవాళ్లు వచ్చి, ఫినాయిల్, హ్యాండ్‌వాష్ తయారు చేసి అమ్ముకుంటాం అన్నారు. నేను 14 వేలు చెప్తే, 18 ఇస్తాం, ఆరు నెలలది ఇప్పుడే తీసుకోండి అని నోట్లు చేతిలో పెట్టారు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, నా అవసరం అలాంటిది. ఒకరి ఆధార్ జిరాక్స్ ఇచ్చారు, మిగతా ఇద్దరివి రేపు రేపు అంటూనే ఉన్నారు.

కిటికీలకు లోపల పేపర్లు అంటించారు. బాత్రూమ్ వెంటిలేటర్ అద్దాలు తీసేసి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టారు. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 దాకా అది తిరుగుతూనే ఉంటుంది. అప్పుడే వాసన. ఒకసారి గోళ్ల రంగు తుడిచే మందులా ఉంటుంది, ఒకసారి గొంతు పట్టేసేంత ఘాటు. పై సబ్‌మీటర్ మొన్నటిదాకా నెలకు 150 యూనిట్లు దాటేది కాదు, పోయిన నెల 700 దాటింది. ముగ్గురు మనుషులున్నా ఇన్నాళ్లలో ఒక్క కుక్కర్ విజిల్ వినపడలేదు. అర్ధరాత్రి ట్రాలీ ఆటోలో నీలం డబ్బాలు వస్తాయి, వాటి మీద లేబుళ్లు గీకేసి ఉంటాయి.

వాళ్ల బాత్రూమ్ పైపు దిగేచోట మా కరివేపాకు చెట్టుంది. పైపు వైపు సగం మాడిపోయింది, అటు సగం పచ్చగానే ఉంది. ఇంకోటి చెప్తే నవ్వుతారేమో. డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టాను. ఎండాక వేయిస్తే నూనెలోంచి అదే వాసన. మొత్తం పారబోశాను.

నిజంగా ఫినాయిలే అయితే ఊరికే వాళ్ల పొట్ట కొట్టినదాన్నవుతాను. డూప్లికేట్ తాళం నా దగ్గరుంది. వాళ్లు లేనప్పుడు ఒకసారి వెళ్లి చూద్దామా అనుకుంటున్నా. ఏమంటారు?

సండే బిర్యానీ:

అక్కా, మరీ టెన్షన్ పడుతున్నావేమో. బ్యాచిలర్లంటేనే అందరికీ అనుమానం. వంట చేసుకోకపోతే నేరమా? మేమూ నాలుగేళ్లు కర్రీ పాయింట్ మీదే బతికాం. వెళ్లి చూసి రా, సరిపోతుంది.

పాత షిఫ్టు ఇంచార్జి:

అమ్మా, ముందు ఆ తాళం చెవి పక్కన పెట్టెయ్యండి. పై తమ్ముడి మాట వినకండి.

నేను జీడిమెట్ల, బొల్లారం బల్క్‌డ్రగ్ యూనిట్లలో, అంటే మందుల ముడిసరుకు చేసేచోట, 26 ఏళ్లు పనిచేశాను, చివరి పదేళ్లు సాల్వెంట్ రికవరీలో, అంటే వాడిన ద్రావకాల్ని తిరిగి పట్టే పనిలో. మీరు చెప్పిన గోళ్ల రంగు మందు వాసన సాల్వెంటుదే. చాలా సాల్వెంట్ల ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా కిందకి పాకుతుంది. మెట్ల మీదుగా దిగి, మీ గడప దాటి, సంపులోనో మూలనో నిలబడుతుంది. తలుపు తీసి మీరు లైటు స్విచ్ వేశారనుకోండి, అక్కడ పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. మీ అత్తమ్మగారు తెల్లవారుజామున దీపం పెడతారా? పెడితే ఈ రాత్రికి దాన్ని ఆపమనండి. మా ప్లాంటులో ఒకతను ప్లాస్టిక్ బకెట్‌లో టోలీన్ అనే సాల్వెంట్ పట్టుకెళ్తుంటే, ఎక్కడా నిప్పు లేకుండానే, బకెట్ రాపిడికి పుట్టిన స్టాటిక్ కరెంటుతో అంటుకుంది. అతని చేతులు ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి. అదీ ఎర్తింగ్, ఫోమ్, ఫైర్ హైడ్రెంట్ అన్నీ ఉన్న ఫ్యాక్టరీలో. బెడ్రూమ్‌లో చేసేవాడికి ఏముంటాయి?

గొంతు పట్టేసే ఘాటు యాసిడ్ పొగ కావచ్చు, అమ్మోనియా కావచ్చు. ఏదైనా ముక్కు పెట్టి వాసన చూసి తేల్చుకునే విషయం కాదు. కొన్ని విషవాయువులు కాసేపటికి ముక్కును మొద్దుబార్చేస్తాయి, వాసన పోయిందనుకుంటాం.

ఫినాయిల్ వాడైతే ఓనరుకి ముందు రెండు బాటిళ్లు ఫ్రీగా ఇస్తాడు. లేబుళ్లు గీకడు, అంటిస్తాడు! పగలు చేస్తాడు, పైన్ ఆయిల్ వాసన వస్తుంది. మీరు చెప్పిన వాటిలో ఏ ఒక్కటీ నేరం కాదు నిజమే, కానీ అన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందులో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ కరివేపాకు చెట్టు.

మన దగ్గర ఇలా దొంగచాటుగా చేసేది ఎక్కువగా అల్ప్రజోలం. డాక్టరు చీటీ మీద ఇచ్చే నిద్రమాత్ర మందే, ఇక్కడ కల్లులో కలపడానికి పోతుంది. 2025 సెప్టెంబరులో ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే ఈ తయారీ పట్టుబడింది, అదే భవనంలో పిల్లలు చదువుకుంటున్నారు. చేసేవాళ్లు బయటి నుంచి ఊడిపడలేదమ్మా, చాలామంది మా లైనువాళ్లే. నన్నూ ఒకసారి అడిగారు. 'సార్, చిన్న రియాక్టర్, నైట్ జాబ్, నెల జీతం నాలుగు రాత్రుల్లో' అని. ఏం మందు అంటే చెప్పలేదు. ఆ రోజు మా అమ్మాయి ఫీజు కట్టాల్సిన రోజు. కాదని వచ్చేశాను గానీ, వారం రోజులు నిద్ర పట్టలేదు.

వాళ్లను అడగొద్దు, ఫొటోలు తియ్యొద్దు, మొహంలో ఏమీ కనపడనివ్వొద్దు. ఊళ్లో పెళ్లి అని చెప్పి అత్తమ్మగారినీ పిల్లాడినీ ఇవాళే ఎక్కడికైనా పంపండి. తెలంగాణలో డ్రగ్స్ సమాచారానికి 1908, దేశమంతటికీ 1933. ఫోను ఇంట్లోంచి కాకుండా బయటికి వెళ్లి చెయ్యండి. కెమికల్ డబ్బాల సంగతి తప్పకుండా చెప్పండి, వచ్చేవాళ్లు ఫైరువాళ్లతో కలిసి వస్తారు.

నల్లకోటు:

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. చట్టం వైపు నుంచి రెండు మాటలు. ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం, సెక్షన్ 25 ప్రకారం, తన ఇల్లు ఇలాంటి పనికి వాడుతున్నారని తెలిసీ ఒప్పుకున్న ఓనరుకు అసలు నేరానికి పడే శిక్షే పడుతుంది. అల్ప్రజోలం 100 గ్రాములు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారం స్థాయి సరుకు, జైలు పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. మీకు అనుమానం వచ్చిందని మీరే ఇక్కడ రాశారు. ఇక ప్రతి రోజూ ఆలస్యమే. మీ పేరు బయటికి వస్తుందేమోనని భయపడకండి, సమాచారం ఎక్కడిదో చెప్పమని అధికారిని బలవంతం చెయ్యకూడదని అదే చట్టంలో సెక్షన్ 68 ఉంది. కిరాయి రసీదులు, ఆ ఆధార్ జిరాక్స్, కరెంటు బిల్లులు ఒక కవర్లో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి.

సెయింట్ లూయిస్ బాబాయ్:

మేముండే మిస్సోరిలో ఒకప్పుడు ఇళ్లలో మెత్ అనే మత్తుమందు వండడం మహా ఎక్కువ. ఇప్పటికీ ఇక్కడ దాని తయారీకి వాడే కొన్ని జలుబు మాత్రలు కావాలంటే కౌంటర్ వెనకనుంచి, ఐడీ చూపించి, సంతకం పెట్టి తీసుకోవాల్సిందే. మేం ఇల్లు కొనేటప్పుడు మా ఏజెంటు మొదట చూసింది డీఈఏ (ఇక్కడి డ్రగ్స్ నిఘా సంస్థ) వాళ్ల లిస్టు, ఏ అడ్రసులో ల్యాబు దొరికిందో అందులో ఉంటుంది. మనుషులు పోయినా ఆ మందు గోడల్లో, కార్పెట్లో, ఏసీ డక్టులో ఉండిపోతుందట. నేల మీద పాకే పిల్లలకు చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. పైకి సున్నం కొడితే అయిపోయే పని కాదమ్మా.

వంటింటి కిటికీ:

11 రోజుల తర్వాత రాస్తున్నా, ఏమీ అనుకోకండి. ఆ సాయంత్రమే పాల బూత్ దగ్గర నిలబడి 1908కి చేశాను. ఆటో ఏ వేళకు వస్తుంది, మెట్లు ఎటువైపు, కింద గ్యాస్ బండ ఎక్కడుంది, అన్నీ ఓపిగ్గా అడిగారు. మూడో రోజు తెల్లవారుజామున మామూలు బట్టల్లో వచ్చారు. నన్ను సందు చివర నిలబెట్టి, ముందు కరెంటు స్తంభం దగ్గర లైను తీయించి పైకెళ్లారు. ఏం దొరికిందో నాకు పూర్తిగా చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బాలు దించడానికే మూడు గంటలు పట్టింది. పోర్షన్‌కు సీలు వేశారు. పక్కింటివాళ్లు నాతో మాట్లాడటం లేదు, అది వేరే కథ. ఆరు నెలల అడ్వాన్సు ఖర్చైపోయింది, అదింకో కథ.

మాస్టారూ, ఒక్క మాట అడగాలి. సంపు ఏం చెయ్యాలి? కరివేపాకు చెట్టు మాడిన వైపు మళ్లీ చిగురేసింది. ఉంచనా?

పాత షిఫ్టు ఇంచార్జి:

సంపు నీళ్లు ల్యాబులో టెస్ట్ చేయించేదాకా తాగొద్దు, వంటకూ వాడొద్దు, క్యాన్ నీళ్లే తెప్పించుకోండి. సెప్టిక్ ట్యాంకు ఎత్తించేటప్పుడు లారీవాడికి విషయం ముందే చెప్పండి, పాపం మూత తీసి తల పెడతాడు. సీలు తీశాక సున్నం కాదు, పైపులు, ప్లాస్టరు మార్పించాల్సి రావచ్చు.

చెట్టు పీకించి, పైపు కింద మట్టి కూడా తీయించండి. తీయించేవాళ్లకు గ్లవుజులు ఇవ్వండి. ఆ చిగురు మాత్రం పొరపాటున కూడా పప్పులో వెయ్యకండి.